పైసా బడ్జెట్ లేదు, ఇమేజింగ్ విద్యార్థులకు ప్రాజెక్టు చెప్పండి (తిరుపతి)

అలిపిరి మెట్టు · సెప్టెంబరు 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ పిల్లలకు పాఠాలు చెప్తుంటాను. మూడో సంవత్సరంలో పదకొండు మంది ఉన్నారు. అందరూ ప్రాజెక్టు చెయ్యాలి. ప్రతి ఏడాదీ జరిగే తంతు మీకు తెలిసిందే. "ఎమ్మారై పాత్ర: ఒక సమీక్ష" అని నెట్‌లోంచి నలభై పేజీలు ఎత్తి, స్పైరల్ బైండింగ్ వేయించి తెచ్చి టేబుల్ మీద పెడతారు. నేను సంతకం పెడతాను. ఈసారి చెయ్యి రావట్లేదు.

మా దగ్గర ఉన్నవి: ఒక డీఆర్ గది (ఎక్స్‌రే బొమ్మ నేరుగా కంప్యూటర్లోకి వచ్చేది), ఒక పాత సీఆర్ గది (క్యాసెట్ మీద తీసి, దాన్ని రీడర్‌లో పెట్టి బొమ్మ చూసేది), పొద్దున్నించి ఆగకుండా వచ్చే జనం. లేనివి: ఫాంటమ్ (మనిషికి బదులు పెట్టి పరీక్షించే నమూనా), డోసిమీటర్ (రేడియేషన్ కొలిచేది), డబ్బు. మూడు నెలల్లో ముగియాలి, ఏదో ఒకటి నిజంగా కొలవాలి. దయచేసి ఏఐ అని మాత్రం అనొద్దు. పోయినేడాది ఒకబ్బాయి అదే పేరు పెట్టుకుని, చివరిదాకా ల్యాప్‌టాప్‌లో పవర్‌పాయింట్ తప్ప ఇంకేమీ తెరవలేదు.

కొర్లగుంట కుర్రోడు · సెప్టెంబరు 14, రాత్రి 9:52

సరే సార్, ఏఐ అనను. డీప్ లెర్నింగ్ అంటాను.

చీకటిగది · సెప్టెంబరు 15, ఉదయం 5:30

సార్ నమస్తే. నేను చిత్తూరులో ముప్పై రెండేళ్ళు ఎక్స్‌రేలు తీసి రిటైరైనాను. మా కాలంలో చీకటిగది మూలన ఒక అట్టపెట్టె ఉండేది. పాడైన ఫిల్ములన్నీ అందులోకే. ఫిల్ములో వెండి ఉంటుంది కదా, పాత ఫిల్ములు కొనేవాడు వచ్చి తూకం వేసుకుని పోయేవాడు. అయితే వాడు తూకం వేసేలోపల మా సీనియర్ ఆ పెట్టెను నేల మీద బోర్లించేవాడు. ఒక్కో ఫిల్ము కిటికీకి అడ్డంగా పట్టుకుని, "ఇది ఎవురు తీసింది? ఊపిరి బిగబట్టమని చెప్పలేదా?", "ఈమె గొలుసు ఎందుకు తీయించలేదు?" అని అడిగేవాడు. ఆ రోజు మాకు టెన్షన్ అంతా ఇంతా కాదు. ఒక్కోసారి పెట్టెలోంచి ఫిల్ము తీసి బ్యాగులో పెట్టుకుని ఇంటికి పోయిన రోజులూ ఉన్నాయి, ఇప్పుడు చెప్పడానికేం.

డిజిటల్ వచ్చినాక ఆ పెట్టె పోయింది. బొమ్మ బాగాలేదా, డిలీట్ కొట్టు, ఇంకొకటి తియ్యి. అయిదు సెకన్ల పని. కంప్యూటర్లోంచి పోతుంది గానీ పేషెంటు ఒంట్లోకి పోయింది వెనక్కి రాదు కదా. మీ పిల్లకాయల చేత ఆ పెట్టెను మళ్ళీ పెట్టించండి సార్. అదే ప్రాజెక్టు.

వేలూరు బస్సు · సెప్టెంబరు 15, ఉదయం 7:15

బస్సులో కూర్చుని రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. నేను మెడికల్ ఫిజిసిస్టుని, అంటే ఆసుపత్రిలో రేడియేషన్ లెక్కలు, భద్రత చూసేవాణ్ణి. ఇల్లు చిత్తూరు, ఉద్యోగం వేలూరు వైపు.

చీకటిగది అన్న చెప్పిన పెట్టెకి పుస్తకాల్లో పేరు రిజెక్ట్ అనాలసిస్. ఖర్చు ఒక నోటుబుక్కు. తీసిన మొత్తం ఎక్స్‌పోజర్లు ఎన్ని, వాటిలో పనికిరావని పక్కన పెట్టినవి ఎన్ని, ఎందుకు. అంతే. అమెరికాలో వైద్య భౌతికుల సంఘం 2015లో డిజిటల్ రేడియోగ్రఫీ నాణ్యత మీద ఒక నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం రిజెక్టులు 8 శాతం దగ్గర ఉండేలా చూసుకోవాలి, 10 దాటితే కూర్చుని కారణం వెతకాలి. పిల్లల ఎక్స్‌రేలకైతే ఇంకా గట్టిగా 5, 7.

కారణాలు రాయడంలోనే పిల్లలకి చదువు వస్తుంది. పొజిషన్ తప్పిందా, పేషెంటు కదిలాడా, ఎక్స్‌పోజర్ ఎక్కువా తక్కువా, కొలిమేషన్‌లో (కిరణం పడే మేరను తగ్గించడంలో) భాగం తెగిపోయిందా, ఒంటిమీద వస్తువు అడ్డమొచ్చిందా, యంత్రం తప్పా, అసలు వేరే పేషెంటుకి తీశారా. మన వైపు వస్తువుల జాబితా పెద్దది: తాయెత్తు, పుస్తెలు, మొలతాడుకు కట్టిన తాళంచెవి, జేబులో చిల్లర. తల ఎక్స్‌రేలో జడపిన్నుల బాధ మాత్రం తిరుపతిలో కొంచెం తక్కువుండాలి, సగం మంది గుండుతోనే వస్తారు కదా.

వారానికి ఒక గదిలో 300 తీసి 36 పారేశారనుకోండి, 12 శాతం. ఆ 36లో 20 ఛాతీవే, అందులోనూ భుజం ఎముక ఊపిరితిత్తి మీద పడ్డవే ఎక్కువ అని తేలిందనుకోండి. భుజాలు ముందుకు తిప్పించడం నేర్పితే చాలు, కొత్త యంత్రం కొనక్కర్లేదు. ఇదీ పరిశోధనే.

పాకాల జంక్షన్ · సెప్టెంబరు 15, మధ్యాహ్నం 2:05

వినడానికి బాగుంది. నేను ఒక స్కాన్ సెంటర్లో టెక్నీషియన్‌ని, ఏ ఊరో చెప్పను. మీ నోటుబుక్కులో నిజం ఎవరు రాస్తారు సార్?

మా దగ్గర ఇలాంటి లెక్క ఒకసారి మొదలుపెట్టారు. మొదటి వారం అందరం నిజాయితీగా రాశాం. సోమవారం మేనేజరు ఆ కాగితం పట్టుకొచ్చి, ఎక్కువ పారేసిన ఇద్దరినీ అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. ఆ ఇద్దరికీ రాత్రి డ్యూటీలు పడేవి. ట్రాలీ మీద పడుకున్న పేషెంట్లు, తాగి పడిపోయినవాళ్ళు, నొప్పికి చెయ్యి కూడా కదపలేనివాళ్ళు. వాళ్ళకి రిజెక్టులు ఎక్కువ కాకపోతే ఎవరికవుతాయి? రెండో వారం నుంచి లెక్క బ్రహ్మాండంగా తగ్గింది. ఎందుకు తగ్గిందో మీకే తెలుసు. డిలీట్ బటన్ ఉంది కదా. నేనూ నొక్కాను.

తప్పుడు లెక్క పెట్టుకుని దాని మీద చార్టులు గీసేకంటే లెక్క లేకపోవడమే మేలు.

అలిపిరి మెట్టు · సెప్టెంబరు 15, రాత్రి 8:30

పాకాల తమ్ముడూ, మీరు చెప్పింది చదివాక ఒక గంట ఆలోచించాను. నిజమే, నేను కూడా మొదట ఎవరు ఎన్ని పారేశారనే కాలమ్ పెట్టాలనుకున్నాను. తీసేస్తాను. టెక్నీషియన్ పేరు ఉండదు, షిఫ్టు మాత్రం ఉంటుంది. రాసేది పిల్లలే, అదీ కారణం అడిగి కాదు, బొమ్మ చూసి. ఇద్దరు విడివిడిగా చూసి కారణం రాస్తారు, ఇద్దరిదీ కలవకపోతే నా దగ్గరికి వస్తారు. డీఆర్ కన్సోల్లో పారేసిన బొమ్మలు వెంటనే పోవు, కొంతకాలం లోపల ఉంటాయని సర్వీసు వాళ్ళు అన్నారు. అవి బయటికి తియ్యగలిగితే నోటుబుక్కుకీ దానికీ తేడా ఎంతో కూడా తెలుస్తుంది.

ఫోటాన్ పిల్ల · సెప్టెంబరు 15, రాత్రి 10:20

సార్, నేను వేరే కాలేజీ, రెండో సంవత్సరం. అడగొచ్చో లేదో. గదిలో పారేసినవి సరే, గది బయట మళ్ళీ మళ్ళీ తీయించుకునేవి ఎవరు లెక్కపెడతారు?

పోయిన నెల పోస్టింగ్‌లో ఒక తాత వచ్చాడు. మణికట్టు విరిగింది. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఒక ఎక్స్‌రే. వాళ్ళ ఊరి దగ్గర తీసిందట. ఎదురుగా ఉన్న బొమ్మ ఒక్కటే ఉంది, పక్కనుంచి తీసింది లేదు. విరిగిన ఎముకలకి నాటుకట్టు కట్టే పుత్తూరుకి పోతాడట, "అక్కడ ఆయన ఫిల్ము ఎత్తి ఎండలో చూస్తాడు పాపా, సెల్‌లో ఫోటోలు పనికిరావు" అన్నాడు. మా సీనియర్ అక్క రెండు వ్యూలూ తీసింది. ఎదురు వ్యూలో ఎముక దాదాపు వరసలోనే ఉన్నట్టుంది. పక్క వ్యూలో చూస్తే ఫోర్కు వంగినట్టు వెనక్కి జరిగి ఉంది. అంటే మొదటి చోట సరిగ్గా తీసి ఉంటే రెండోసారి తీసే పనే లేదు. ఇది మా గది లెక్కలో రిజెక్ట్ కాదు, వాళ్ళ గది లెక్కలోనూ కాదు. తాతకి మాత్రం రెండుసార్లు.

వేలూరు బస్సు · సెప్టెంబరు 16, ఉదయం 7:20

అమ్మా, అడగొచ్చో లేదో అనుకున్నావు చూడు, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన మంచి ప్రశ్న అదే. ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే ఒకదానికొకటి లంబంగా రెండు వ్యూలు ఉండాలన్నది మొదటి సంవత్సరం పాఠం. అది కూడా తప్పుతోందంటే లెక్క తియ్యాల్సిందే.

దీన్ని రెండో ప్రాజెక్టుగా చెయ్యండి. వచ్చిన పేషెంటుని మూడే అడగాలి. ఇదే భాగానికి ఈ నెలలో ఎక్స్‌రే తీశారా? అది చేతిలో ఉందా? ఉంటే మళ్ళీ ఎందుకు తియ్యాల్సి వచ్చింది? వ్యూ లేకనా, నాణ్యత లేకనా, డాక్టరు కొత్తది కావాలన్నారా, పాతది పోయిందా. ఈ వైపు మనుషులు తిరుపతి, చిత్తూరు, వేలూరు, చెన్నై అని నాలుగు చోట్లకీ తిరుగుతారు. కవర్లు తెరిస్తే ఒక్కొక్కరిదీ ఒక పురాణం.

చంద్రగిరి అమ్మ · సెప్టెంబరు 16, ఉదయం 11:45

నమస్తే అండి. మీ చదువుల సంగతి నాకు తెలీదు, వెతుకుతుంటే ఇది కనిపించింది. మా బాబుకి నాలుగేళ్ళు, దగ్గు తగ్గకపోతే ఛాతీ ఎక్స్‌రే తీశారు. వాడు ఏడ్చి కదిలాడని రెండోసారి తీశారు. ఇంట్లో మా అత్తయ్య తలస్నానం చేయించమంటోంది, లోపల ఏమైనా మిగిలిపోతుందా? రెండుసార్లు అంటే ప్రమాదమా?

చీకటిగది · సెప్టెంబరు 16, మధ్యాహ్నం 12:10

ఏమీ మిగలదు తల్లీ. ఎక్స్‌రే అంటే లైటు లాంటిదే. స్విచ్చి ఆపితే గదిలో వెలుతురు మిగులుతుందా? అంతే. దీనికోసమని తలస్నానం అక్కర్లేదు. మీ అత్తమ్మతో ఎక్స్‌రే తాత వద్దన్నాడని చెప్పండి.

వేలూరు బస్సు · సెప్టెంబరు 16, మధ్యాహ్నం 1:00

అమ్మా, అంకెల్లో కూడా చెప్తాను, ధైర్యం వస్తుంది. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనందరి మీదా రేడియేషన్ పడుతూనే ఉంటుంది. ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్ (ఒంటి మీద పడే రేడియేషన్ మోతాదుకి కొలత). పెద్దవాళ్ళకి ఒక ఛాతీ ఎక్స్‌రే దాదాపు 0.1 లేదా అంతకంటే తక్కువ. అంటే మామూలుగా రెండు వారాల్లో పడేది. రెండుసార్లు తీసినా బాబుకి భయపడాల్సింది లేదు. జబ్బు తెలియకపోవడమే పెద్ద ప్రమాదం. సీటీ స్కాన్ సంగతి వేరు. కడుపు సీటీ ఒక్కటే 8 మిల్లీసీవర్ట్ దాకా ఉంటుంది, అందుకే అది అవసరమా అని డాక్టరుని అడగడంలో తప్పులేదు. అల్ట్రాసౌండు, ఎమ్మారైలలో ఈ రకం రేడియేషన్ అసలు లేదు.

మరి రెండోసారి మీద మేమింత గొడవ ఎందుకు పడుతున్నామంటే, మీ బాబు ఒక్కడి కోసం కాదు. ఆ గదిలోకి ఏడాదికి వేలమంది పిల్లలు వస్తారు. పట్టుకోవడానికి అమ్మని లోపలికి పిలిచి, ఏప్రాన్ వేసి, వాడు ఊపిరి పీల్చే క్షణం కనిపెట్టి నొక్కితే ఒక్కసారితో పోతుంది.

రిపోర్టు రాసేవాణ్ణి · సెప్టెంబరు 16, రాత్రి 11:30

రేడియాలజిస్టుని. అందరూ రిజెక్టులు తగ్గించే మాటే మాట్లాడుతున్నారు, నాకు కొంచెం గుబులుగా ఉంది. రోజుకు వందకు పైగా బొమ్మలు నా తెర మీదికి వస్తాయి. నా బాధ పారేసిన వాటితో కాదు, పారెయ్యకుండా పంపిన వాటితో. ఊపిరితిత్తుల కింది మూలలు తెగిపోయి ఉంటాయి, మోకాలు పక్కకు తిరిగి ఉంటుంది, కుడి ఎడమ గుర్తు ఉండదు. "పర్లేదులే, డాక్టరు చూసుకుంటాడు" అని పంపేస్తారు. మీరు రిజెక్ట్ శాతం తగ్గించమంటే మొదట జరిగేది అదే. 2 శాతం అని ఎవరైనా గర్వంగా చెప్తే నాకు ముందు అనుమానం వస్తుంది.

అందుకని మీ పిల్లలు ఒక పని చెయ్యాలి. పాసైన బొమ్మల్లోంచి కూడా వారానికి యాభై, ఏవి పడితే అవి తీసి, అదే కారణాల పట్టికతో చూడాలి. పంపకూడనివి ఎన్ని పంపామో తెలుస్తుంది. ఆ యాభైని నాకు పంపండి, ఆదివారం పూట కూర్చుంటాను.

ఇంకొకటి. ఫిల్ము కాలంలో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లగా మాడిపోయేది, వెంటనే తెలిసేది. డిజిటల్‌లో ఎక్కువైనా బొమ్మ చక్కగానే కనిపిస్తుంది, ఇంకా నున్నగా ఉంటుంది కూడా. తక్కువైతేనే ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది, నాలాంటివాడు ఫోన్ చేసి అరుస్తాడు. ఎక్కువైతే ఎవడూ అరవడు. దాంతో టెక్నీషియన్ల చెయ్యి మెల్లమెల్లగా పైకి పోతుంది. ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియకుండా మోతాదు పాకుతుంది.

వేలూరు బస్సు · సెప్టెంబరు 17, ఉదయం 7:10

డాక్టర్ గారు చెప్పినదాన్ని డోసిమీటర్ లేకుండానే పట్టుకోవచ్చు. డీఆర్ బొమ్మ మూలన డీవియేషన్ ఇండెక్స్ అని ఒక అంకె వస్తుంది. ఆ పరీక్షకి మనం పెట్టుకున్న లక్ష్యానికి బొమ్మ ఎంత దూరంలో ఉందో అది చెప్తుంది. సున్నా అంటే సరిగ్గా. ప్లస్ 3 అంటే డిటెక్టరు మీద పడింది రెట్టింపు. మైనస్ 3 అంటే సగం. పిల్లలు వంద ఛాతీ బొమ్మలకి ఈ అంకె రాసుకుని గ్రాఫు గీస్తే, చుక్కలన్నీ సున్నా చుట్టూ ఉన్నాయా, ప్లస్ వైపు మూగాయా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. జాగ్రత్త ఒకటే: ఆ లక్ష్యం అంకెను యంత్రం పెట్టేటప్పుడు ఎవరో ఒకరు ఎంచి ఉంటారు. అదే తప్పైతే అన్నీ తప్పే. ముందు దాన్ని చూసుకోండి. ఈ అంకె డిటెక్టరు సంగతే చెప్తుంది, పేషెంటు డోసు కాదు. ఈ రెండూ కలిపేసి రాసిన రిపోర్టులు నేను చాలా చూశాను.

కొర్లగుంట కుర్రోడు · సెప్టెంబరు 17, ఉదయం 10:00

సార్, ఇవన్నీ లెక్కలే. చేత్తో చేసే ప్రయోగం ఒకటి చెప్పండి. డిగ్రీ ఫిజిక్స్ ల్యాబుల్లో ఎక్కడైనా పాత రేడియో యాక్టివ్ సోర్సు బీరువాలో పడి ఉంటుంది కదా, అది అడిగి తెచ్చుకుంటే సీసం ఎంత ఆపుతుందో కొలవొచ్చు.

వేలూరు బస్సు · సెప్టెంబరు 17, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, ఆ మాట మళ్ళీ అనొద్దు. "బీరువాలో పడి ఉంటుంది" అన్నావే, అక్కడే నాకు కాళ్ళు వణికాయి.

2010లో ఢిల్లీలో ఏమైందో చదువు. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో పరిశోధనకని 1970 ప్రాంతంలో కెనడా నుంచి తెచ్చిన గామా పరికరం ఒకటి ఉండేది. లోపల కోబాల్ట్-60. ఎనభైల మధ్య నుంచి వాడటం మానేశారు. వాడినవాళ్ళు రిటైరయ్యారు, అదేంటో గుర్తున్నవాళ్ళు లేరు. పాత సామానుతో పాటు వేలం వేశారు. మాయాపురి పాత ఇనుము కొట్లలో దాన్ని విప్పారు. ఒకరు చనిపోయారు, ఇంకొందరు రేడియేషన్ దెబ్బకి ఆసుపత్రుల పాలయ్యారు. కోబాల్ట్-60 సగానికి తగ్గడానికి 5.27 ఏళ్ళు పడుతుంది. నలభై ఏళ్ళంటే ఏడున్నర సార్లు సగమైనట్టు, దాదాపు 190వ వంతు మిగిలింది. ఆ మిగిలిందే మనిషిని చంపింది.

సోర్సు కొనాలన్నా, కదిలించాలన్నా, పారెయ్యాలన్నా ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి కావాలి. ఎవరైనా బీరువా తెరిచి పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తున్న డబ్బా చూస్తే చెయ్యి పెట్టకుండా తలుపు మూసి, హెడ్‌కి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుకి చెప్పాలి.

చేత్తో చేసే ప్రయోగం కావాలన్నావు కాబట్టి, తొమ్మిది రూపాయల్లో అయ్యేది సాయంత్రం రాస్తాను.

వేలూరు బస్సు · సెప్టెంబరు 17, రాత్రి 8:45

రూపాయి బిళ్ళల పరీక్ష. ఎక్స్‌రే తీసేముందు పేషెంటు మీద చతురస్రంగా లైటు వేస్తాం కదా. రేడియేషన్ కూడా సరిగ్గా అక్కడే పడుతుందని మన నమ్మకం. నమ్మకమే, ఎందుకంటే ఎక్స్‌రేలు కంటికి కనిపించవు. లైటు అద్దం మీద తగిలి కిందికి వస్తుంది, ఎక్స్‌రే నేరుగా వస్తుంది. అద్దం వెంట్రుకవాసి కదిలితే రెండూ విడిపోతాయి.

టేబుల్ మీద క్యాసెట్ పెట్టండి. ట్యూబుని సరిగ్గా 100 సెంటీమీటర్ల ఎత్తున ఉంచండి. లైటు వేసి, క్యాసెట్ కంటే చిన్నగా ఉండేలా చతురస్రం తగ్గించండి, చుట్టూ మూడు నాలుగు వేళ్ళ ఖాళీ మిగలాలి. ఇప్పుడు ఒక్కో అంచు మధ్యలో రెండు బిళ్ళలు. ఒకటి వెలుతురు లోపల, ఒకటి బయట, రెండూ సరిగ్గా అంచు గీత మీద ఒకదానికొకటి తాకాలి. నాలుగు అంచులకీ ఎనిమిది. తొమ్మిదో బిళ్ళ లోపల ఒక మూలన, పేషెంటు తల ఎటు ఉంటుందో అటు. లేకపోతే బొమ్మ వచ్చాక ఏ అంచు ఏదో తెలీదు, మా బ్యాచ్‌లో అలాగే రెండుసార్లు తీశాం. అందరూ బయటికి వచ్చి, తలుపు వేసి, 50 కేవీపీ (ట్యూబు వోల్టేజి), తక్కువ ఎంఏఎస్‌తో (ట్యూబు కరెంటు, సమయం గుణిస్తే వచ్చేది) ఒక్క ఎక్స్‌పోజర్.

బొమ్మలో రేడియేషన్ అంచు రెండు బిళ్ళలు తాకిన చోటే ఉంటే పండగ. బయటి బిళ్ళ సగం కనిపిస్తే అటు సగం బిళ్ళ మేర బయటికి పోతోంది. లోపలి బిళ్ళ సగం మాయమైతే అటు మనకి కావాల్సిన భాగం తెగిపోతోంది. ఒప్పుకునే తేడా దూరంలో 2 శాతం, అంటే మీటరుకి 2 సెంటీమీటర్లు. రూపాయి బిళ్ళల వెడల్పు కాలాన్ని బట్టి మారింది, అందుకని అన్నీ ఒకే రకం ఏరుకుని స్కేలుతో కొలుచుకోండి.

పాకాల జంక్షన్ · సెప్టెంబరు 17, రాత్రి 9:30

ఇది బాగుంది. ఇందులో తిట్లు యంత్రానికే.

ఫోటాన్ పిల్ల · సెప్టెంబరు 18, సాయంత్రం 6:05

వేలూరు అన్నా, ఇక్కడే అడిగేస్తున్నాను. నేను మీలా ఫిజిసిస్టు కావాలంటే ఈ డిగ్రీ తర్వాత ఏం చెయ్యాలి?

వేలూరు బస్సు · సెప్టెంబరు 18, రాత్రి 9:00

నిజం చెప్తే బాధపడతావేమో. మెడికల్ ఫిజిసిస్టుకి డిగ్రీలో ఫిజిక్స్ ప్రధాన సబ్జెక్టుగా ఉండాలి. దాని మీద ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్, లేదంటే ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా. ఆ డిప్లొమాని ముంబైలోని బార్క్‌లో (భాభా అణు పరిశోధన కేంద్రం) 1962 నుంచి నడుపుతున్నారు. ఆ తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్. ఇమేజింగ్ టెక్నాలజీ డిగ్రీతో ఆ దారిలోకి నేరుగా రాలేవు. కానీ రేడియోథెరపీ టెక్నాలజీ ఉంది, న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ ఉంది, నీ సబ్జెక్టులోనే ఎమ్మెస్సీ చేసి టీచింగ్‌లోకి రావొచ్చు. నువ్వు పుట్టకముందు ఈ మాట అడిగితే వేలూరో మద్రాసో పొమ్మనేవాళ్ళం. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది, టీటీడీ స్థలంలో టాటా ట్రస్ట్స్ వాళ్ళు కట్టి 2022లో తెరిచిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముందు పుత్తూరు తాత ప్రశ్నని కాగితం మీద పెట్టు. ఇంటర్వ్యూలో అదే మాట్లాడుతుంది.

నిర్వాహకుడు · సెప్టెంబరు 18, రాత్రి 9:20

కోర్సులు, జీతాలు, సీట్ల ప్రశ్నలకి వేరే విభాగం ఉంది, దయచేసి అక్కడ. ఇక్కడ ప్రాజెక్టు సంగతే.

రిపోర్టు రాసేవాణ్ణి · సెప్టెంబరు 19, రాత్రి 11:50

ఒకటి మరిచిపోయాను. పేషెంట్ల బొమ్మలు ముట్టుకునేముందు ఎథిక్స్ కమిటీకి అర్జీ పెట్టించండి. మన పని పాత బొమ్మలు చూడటమే కదా అని దాటేయకండి. పేర్లు, నంబర్లు తీసేసిన బొమ్మలైతే ఒక్కొక్కరి సమ్మతి అక్కర్లేదని కమిటీ మినహాయింపు ఇవ్వగలదు, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో దానికి వీలుంది. కానీ ఆ మినహాయింపు ఇవ్వాల్సింది కమిటీ, మనం కాదు. పేషెంట్లని మూడు ప్రశ్నలు అడిగే రెండో ప్రాజెక్టుకి మాత్రం సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, తాతకి అర్థమయ్యే తెలుగులో. కొంతమంది తమిళంలో అడుగుతారు, అది కూడా ఒకటి రాయించండి. బొమ్మలు వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే చెప్పండి.

అలిపిరి మెట్టు · అక్టోబరు 9, రాత్రి 10:10

చాలా రోజులకి వచ్చాను, క్షమించాలి. జరిగినవి చెప్తాను.

ఎథిక్స్ కమిటీ ఒకసారి వెనక్కి పంపింది. "షిఫ్టు రాస్తే ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారో తెలిసిపోదా" అని అడిగారు. నిజమే. తేదీ తీసేసి వారం మాత్రం ఉంచాం. పాకాల తమ్ముడు విని ఉంటే సంతోషించేవాడు.

డీఆర్ కన్సోల్ తెరిపించాం. పారేసిన ప్రతి బొమ్మకీ కారణం అడిగే చిన్న కిటికీ ఒకటి అందులో ముందునుంచే ఉందట. మాకెవరికీ తెలీదు. ఎందుకంటే వరసలో మొదటి కారణం "ఇతరములు", దాని మీద రెండుసార్లు నొక్కితే కిటికీ మూసుకుపోతుంది. ఇన్నాళ్ళూ పారేసినవన్నీ ఇతరములే. కాలు కదిలినా ఇతరములే, గొలుసు ఉన్నా ఇతరములే. సర్వీసు వాళ్ళని బతిమాలి దాన్ని వరసలో చివరికి దింపించాం. లెక్క ఇంకా నడుస్తోంది, నవంబరు 8న రాంట్‌జెన్ దినం నాటికి మొదటి పట్టిక పెట్టాలని పిల్లల ఆరాటం. 1895లో ఆ రోజే కదా ఎక్స్‌రేలు కనిపెట్టిన రాంట్‌జెన్ ఆ వెలుగు చూసింది.

ఇక బిళ్ళలు. పదకొండు మందీ తలా ఒకటి తెచ్చారు, అందులో మూడు రకాలు! బస్టాండు దగ్గర టీ కొట్టులో చిల్లర మార్చి తొమ్మిది ఒకే రకం ఏరేసరికి గంట. డీఆర్ గదిలో నాలుగు అంచులూ బాగానే ఉన్నాయి. పాత సీఆర్ గదిలో మూడు అంచులు పర్లేదు. నాలుగోది, పేషెంటు కాళ్ళ వైపు, బయట పెట్టిన బిళ్ళ మొత్తం గుండ్రంగా, అంచుతో సహా బొమ్మలో కూర్చుని ఉంది. దాని అవతల ఇంకో గోరంత మేర కూడా నల్లగా ఉంది. ఒకమ్మాయి స్కేలు పెట్టి కొలిచింది. రెండు సెంటీమీటర్లు దాటింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఛాతీ తీసిన ప్రతిసారీ లైటు అక్కడితో ఆగిందనుకున్నాం, కింద కడుపు మీద ఇంకో రెండు వేళ్ళు పడుతూనే ఉంది. ఎప్పటి నుంచో తెలీదు.

ఆ రోజే ఆ గది ఆపించాం. ఇంజినీరు సోమవారం వస్తానన్నాడు.

చీకటిగది · అక్టోబరు 10, ఉదయం 5:25

సార్, లోపల అద్దమో బల్బు కూర్చునే చోటో కదిలి ఉండొచ్చు. ఈ మధ్య కొలిమేటరు లైటు బల్బు ఎవురైనా మార్చినారా? మార్చినోళ్ళు ఆ తర్వాత బిళ్ళలు పెట్టి చూడాల. మావాళ్ళు బల్బు మార్చిన ప్రతిసారీ చూసేవాళ్ళు.

అలిపిరి మెట్టు · అక్టోబరు 10, ఉదయం 8:40

లాగ్‌బుక్ తిరగేశాను. మార్చారు. వినాయక చవితికి ముందు శనివారం. పక్కన ఎవరో పెన్సిల్‌తో "ఓకే" అని రాశారు.